కుప్ప లోపలి వేడి

కైలాసానికి ఆ రోజు క్లాసులో కాలు నిలవడం లేదు. బెంచీ కింద ఊపుతూనే ఉన్నాడు. పక్కవాడు ఆ కాలిని తొక్కి కూడా చూశాడు, లాభం లేకపోయింది. పొద్దున్నే మందమర్రి నుంచి వచ్చిన ఊరివాడొకడు హాస్టల్ గుమ్మంలో నిలబడి, "మీ మామ బిడ్డను చూసెటందుకు ఖానాపూర్ నుంచి వచ్చిండ్రట" అని చెప్పి, తన పని అయిపోయినట్టు చక్కా పోయాడు.

మామ బిడ్డ అంటే అనసూర్య. ఆమె ఉయ్యాలలో ఉన్నప్పుడే కైలాసం పెళ్లాం అని అందరూ అనుకున్నారు. అనుకున్నారు, అంతే. మేనరికంతో వచ్చిన చిక్కే అది. పరాయి సంబంధమైతే పెద్దమనుషులు కదులుతారు, అడుగుతారు, పిల్లకు బొట్టు పెట్టి ఖాయం చేసుకుంటారు. సొంత మామ బిడ్డను పోయి అడిగేదెవరు? మనింట్లో కడవలో నీళ్లు తాగడానికి మనం ఎవరినైనా అడుగుతామా?

నల్లబల్ల దగ్గర హనుమండ్లు సారు ఫ్రీ ఎనర్జీ పాఠం చెబుతున్నారు. "ఒక చర్య తనంతట తాను జరుగుతదా లేదా అన్నది వేడి ఒక్కటే చూస్తే తెల్వదు. మంచుగడ్డ వేడిని పీల్చుకుంటది, అయినా గీ ఎండకు కరుగుతది. ఎందుకు? గడ్డల కుదురుగ ఉన్నది నీళ్లల్ల చెదిరిపోతది. ఆ చెదురు పేరే ఎంట్రోపీ. వేడి లెక్క, చెదురు లెక్క, రెండూ కలిపితే ఫ్రీ ఎనర్జీ. అది తగ్గే దిక్కు ఉంటే చర్య తనంతట తానే జరుగుతది."

కైలాసానికి ప్రాణం లేచొచ్చింది. మామకు ఇష్టం, తల్లి భూమవ్వకు ఇష్టం, తామిద్దరికీ ఇష్టం. ఇంక అడ్డేముంది? ఆ వెంటనే అనుమానమొచ్చింది. అన్నీ అనుకూలమే అయితే ఇన్నేళ్లుగా ఎందుకు జరగలేదు? పెళ్లి సంగతి సారును అడగలేడు కదా, బొగ్గు సంగతి అడిగాడు. "సార్, బొగ్గు కాలితే ఫ్రీ ఎనర్జీ తగ్గుతది. చుట్టూ గాలి ఉండనే ఉన్నది. మరి ఊకెనే ఎందుకు పడి ఉంటది?"

"మంచిగడిగినవ్. తనంతట తాను అంటే జల్ది అని కాదు. ఎటు పోతదో ఫ్రీ ఎనర్జీ చెప్తది, ఎప్పుడు పోతదో చెప్పదు. ముందు ఒక గట్టు ఎక్కాలె. అగ్గిపుల్ల గీసెటోడు లేకుంటే గా బొగ్గుబెడ్డ ఏండ్లకేండ్లు అట్లనే ఉంటది."

గంట కొట్టేదాకా ఎలా కూర్చున్నాడో కైలాసానికే తెలియదు. దొరికిన బస్సెక్కి సుల్తానాబాద్‌లో దిగి ఇంటికి పరుగెత్తాడు. వాళ్లవ్వ భూమవ్వ వాకిట్లో వడ్లు చెరుగుతున్నది.

"అవ్వా, మందమర్రికి పోదాం నడువ్. మామను అడుగు."

"నేనెందుకు అడగాలె? పిల్లనిచ్చెటోడు వాడు. అక్కా, నీ కోడలును తీస్కపో అని వాడు రావాలె."

"ఖానాపూరోళ్లు వచ్చిండ్రట అవ్వా!"

"వస్తే రానియ్. నన్ను కాదని నా తమ్ముడు ఇస్తడా? ఫికర్ చెయ్యకు. అయితది తియ్."

అయితది తియ్. పుట్టినప్పటి నుంచి వింటున్న ఆ మాట మీద కైలాసానికి ఒళ్లు మండింది. పెళ్లికొడుకే పోయి పిల్లనడగడం తలవంపులైతే అయింది, ఆ అగ్గిపుల్ల ఏదో తానే గీస్తానని పెద్దపల్లిలో రైలెక్కాడు. గోదావరి దాటేదాకా కిటికీ దగ్గర కాసేపు, తలుపు దగ్గర కాసేపు, ఎక్కడా కుదురుగా లేడు.

మందమర్రి కాలనీలో మామ పర్శరాములు బొగ్గుగని డ్యూటీకి బయలుదేరుతున్నాడు. అల్లుణ్ణి చూడగానే ముఖం వెలిగింది, వెనక ఎవరూ లేరని చూసి ఆరిపోయింది.

"మీ అవ్వ రాలే?"

"రాలే మామా. నేనే అడుగుతున్న. అనసూర్యను నాకియ్యి."

పర్శరాములు అరుగు మీద కూలబడ్డాడు. "గీ మాట మీ అవ్వ నోట వినాలెనని ఎన్ని దినాలు చూసిన్రా! ముందుగాల అడిగే హక్కు ఆడబిడ్డది. నేనే పోతే బిడ్డను అంటగట్టినట్టు ఉంటదని ఊకున్న. నిన్న ఖానాపూరోళ్లు బొట్టు పెట్టి పోయిండ్రు." పెరటి దిక్కు చెయ్యి చూపి, "అయినా, పిల్ల ఊ అంటే వాళ్ల కాళ్లు పట్టుకోనైనా తప్పించుకుంట. పెరట్ల ఉన్నది. పో, దాన్నే అడుగు" అన్నాడు.

కైలాసం పెరట్లోకి పోయాడు. గోడ వారన కంపెనీ ఇచ్చిన వంటబొగ్గు కుప్పను అనసూర్య పారతో తిరగేస్తున్నది. పైన నల్లటి బెడ్డలు నిగనిగలాడుతున్నాయి. లోపలంతా తెల్లటి బూడిద.

"ఎవరు ముట్టిచ్చిండ్రు దీన్ని?" అడగవలసింది వదిలేసి ఇదడిగాడు.

"ఎవ్వరు ముట్టియ్యలే బావా. కుప్ప పోసి కదిలియ్యకుంటే దానంతట అదే లోపల్లోపల ఉడుకుతది. మొన్న పొగొచ్చినంక ఎర్కయింది. నీళ్లు పోసి ఆర్పినం."

సారు చెప్పింది తప్పు కాదు. ఆయన చెప్పింది ఒక్క బెడ్డ సంగతి. అందరూ కలిసి కుప్ప పోసి మరిచిపోతే లోపలి వేడికి బయటికి దారి ఉండదని, ఏ అగ్గిపుల్ల కోసమూ అది ఆగదని కైలాసానికి అప్పుడర్థమైంది.

"అనసూర్యా, నిన్ను అడిగెటందుకు వచ్చిన."

ఆమె పార ఆపింది. "నిరుడు బతుకమ్మ పండుగకు వచ్చినప్పుడు అడుగుతవనుకున్న. ఆ తర్వాత రైలు కూత ఇన్నప్పుడల్లా వాకిట్లకు వచ్చి చూసిన. అయితది అయితది అని అందరంటిరి. ఒక్కరన్న అడిగిండ్రా? నువ్వడిగినవా?"

"ఇప్పుడు అడుగుతున్న గదా!"

"ఖానాపూరోళ్లు మనకు ఏమి కానోళ్లు. గంత దూరం నుంచి వచ్చి, నీకిష్టమేనా బిడ్డా అని నన్నడిగిండ్రు." ఆమె పారను గోడకు ఆనించింది. "నాకు మంచిగనిపించింది బావా. ఊ అన్న."

మిగిలిన బెడ్డలను గంపలోకి ఏరుకుని ఆమె లోపలికి వెళ్లిపోయింది. కైలాసం గొంతుకూర్చుని ఆ బూడిదలో చెయ్యి పెట్టాడు. ఎక్కడో ఒకచోట ఇంకా వెచ్చగా ఉంటుందని చాలాసేపు వెతికాడు.