గోరుగాటు పడ్డ బొప్పాయి

నేను ఒక బొప్పాయి పండును. గబగబా చెప్పేస్తాను, ఏమీ అనుకోకండి. మామిడిపండైతే తాండ్రగా మారి నెలల తరబడి బతికేస్తుంది, నాకు ఆ వీలు లేదు. ఒంటిమీద పసుపు చార పడిందంటే ఇక పరుగే. ఎవరో ఒకరు తినాలి, లేదంటే కుళ్ళిపోవాలి. అంతే!

పుట్టింది పెద్దాపురం దగ్గర ఒక తోటలో. ఫుట్‌బోర్డు మీద వేలాడే కాలేజీ కుర్రాళ్ళలాగా చెట్టు మెడ చుట్టూ ఒకళ్ళమీద ఒకళ్ళం వేలాడేవాళ్ళం. నామీద మొదటి చార పడగానే కోసి, పాత పేపర్లో చుట్టి కాకినాడ పంపించారు. నా అదృష్టం చూడండి, నన్ను చుట్టిన పేపరు ముక్కలో నా గురించే రాశారు! ఆరోగ్యం పేజీ. ఎ విటమిన్ కంటికి మంచిదట, సి విటమిన్ దండిగా ఉందట, పీచు ఉందట, నీరు ఉందట, కడుపు సాఫీగా కదులుతుందట. దారంతా చదువుకుంటూ వచ్చాను. ఇంత గొప్పదాన్నని నాకే తెలీదు! కాకినాడ చేరేసరికి గర్వంతో సగం పసుపైపోయాను.

పళ్ళమ్మే నూకాలమ్మ బండిమీద కూర్చున్నానో లేదో, రిటైరైన బ్యాంకు గుమాస్తా భీమశంకరం గారు వచ్చారు. ఆయనకో అలవాటుంది. పండిందో లేదో చూడ్డానికి బొటనవేలి గోరు గుచ్చుతారు. నాకూ గుచ్చారు. అర్ధచంద్రంలా గాటు పడింది.

"గోరు తియ్యండి బాబూ! నలుగురు గుచ్చితే కాయ కాదు, జల్లెడవుద్ది," అంది నూకాలమ్మ.

"కోప్పడకమ్మా, ఇదే తీసుకుంటున్నాగా. మావాడు మంచంలో ఉన్నాడు. ఒట్టి చేతుల్తో ఎలా వెళ్తాను?"

ఆ మావాడు ఆయన పాత స్నేహితుడు సత్తిరాజు మాస్టారు. ఒకప్పుడు డ్రిల్లు మాస్టారు. ఆయన విజిల్ ఊదితే గ్రౌండంతా నిలబడిపోయేదట. స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగింది, ఆపరేషన్ చేసి ఇంటికి పంపించారు. అసలు గొడవ ఆ తరవాతే. ఆయన తినడం లేదు! రెండు ముద్దలు కెలికి కంచం తోసేస్తున్నారు. తింటేనే బలం, బలం ఉంటేనే వాకర్ పట్టుకుని లేవగలరు, ఇప్పుడు లేవకపోతే ఇక మంచమే అని డాక్టరు గట్టిగా చెప్పాడు. భార్య వరహాలమ్మ గారు చారు పెట్టారు, పప్పు పెట్టారు, కోప్పడ్డారు, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చారు. ఆయనది ఒకటే మాట, "ఆకలి లేదు."

భీమశంకరం గారు నన్ను చేతిలో పెట్టబోతే ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

"బొప్పాయా అన్నయ్యగారూ! వేడి కదండీ. అసలే కుట్లు పచ్చిగా ఉన్నాయి."

"వేడేంటి చెల్లెమ్మా, కంటికి మంచిది, కడుపుకి మంచిది," అని ఆయన నా పేపర్లో రాసిందంతా అప్పజెప్పారు. ఆవిడ బుద్ధిగా విని, నన్ను ఫ్రిజ్ మీద పెట్టేశారు. అక్కడ నాకంటే ముందొచ్చిన యాపిల్స్, బత్తాయిలు, బిస్కెట్ పాకెట్లు కొలువుదీరి ఉన్నాయి. జనం పళ్ళు తెస్తారు, పళ్ళ గుణాలు చెప్తారు, వెళ్ళిపోతారు. కత్తిపీట మాత్రం ఎవరూ అడగరు!

ఫ్రిజ్ మీంచి అంతా కనిపిస్తుంది. భార్య పెరట్లో ఉన్నప్పుడు మాస్టారు పొట్ట పట్టుకుని పళ్ళు బిగించడం చూశాను. "ఇదేం ఖర్మరా," అని ఫ్యానుతో చెప్పుకున్నారు. "తింటే ఇంకా బిగుసుకుంటోంది. ఎవరికి చెప్పను, నవ్వరూ?" నాకప్పుడు అర్థమైంది. ఆకలి లేక కాదు. ఆపరేషనైన దగ్గర్నుంచీ నొప్పి మాత్రలు, మంచం, తక్కువ నీళ్ళు, పైగా మంచంమీదే బెడ్‌పాన్. విరేచనం సరిగ్గా అవడం లేదు. చెప్పుకోవడానికి సిగ్గు! నేనేమో రెండు గజాల దూరంలో, పీచంతా పొట్టలో పెట్టుకుని, నోరు లేకుండా! చేతనైంది ఒక్కటే, ఇంకాస్త పండి ఇల్లంతా వాసన నింపాను.

అదే నా కొంప ముంచింది. "మగ్గిపోతోంది," అని వరహాలమ్మ గారు నన్ను పట్టుకెళ్ళి పక్కవీధిలో మేడమీద ఉండే, కంటి ఆపరేషన్ చేయించుకున్న కామేశ్వరి గారికి ఇచ్చేశారు. "కంటికి మంచిదండి వదినగారూ!" అని పేపరు మాట ఆవిడా చెప్పారు. కామేశ్వరి గారికి సుగరు. ఒకటి రెండు ముక్కలు తినొచ్చని డాక్టరమ్మ చెప్పినా, ఒక్క మనిషికి అంత పండెందుకని కింద వాటాలో టైలర్ జిలానీకి ఇచ్చారు. జిలానీ సత్తిరాజు మాస్టారి దగ్గర చదువుకున్నవాడు. మాస్టార్ని చూడ్డానికి బయల్దేరుతూ కుట్టుమిషను పక్కనున్న నన్ను చూశాడు. ఒట్టి చేతుల్తో ఎలా వెళ్తాడు?

అలా నేను మళ్ళీ అదే గుమ్మం ఎక్కాను! మంచం పక్కన భీమశంకరం గారు కూర్చునున్నారు.

"మాస్టారూ, ప్రత్యేకం మీకోసం తెచ్చానండి," అన్నాడు జిలానీ. భీమశంకరం గారు నన్ను అందుకుని, అలవాటుగా బొటనవేలు ఆనించారు. వేలు పాత గాట్లో సరిగ్గా కూర్చుంది.

"ఇదెక్కడిదిరా? ఇది నా గోరే!"

"కామేశ్వరి గారు ఇచ్చారండి," అని జిలానీ నీళ్ళు నమిలాడు. వరహాలమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మంచంమీంచి ముందు ఓ కిసుక్కు, ఆ తరవాత పెద్ద నవ్వు. కుట్లు నొప్పెడుతున్నా ఆగలేదు మాస్టారు.

"నేను మంచం దిగలేకపోతున్నాను, అది మాత్రం ఊరంతా తిరిగొచ్చిందిరా!"

నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు. నవ్వడంలో సిగ్గు కాస్త సడలిందేమో, భీమశంకరం గారి చెయ్యి పట్టుకుని నెమ్మదిగా అన్నారు. "ఒరే, ఆకలి లేక కాదురా. కడుపు కదలడం లేదు. భయమేసి తినడం మానేశాను."

ఎవరూ నవ్వలేదు. వరహాలమ్మ గారు మంచం దగ్గరికి వచ్చేశారు. "నాతో చెప్పడానికేం మీకు? ఇన్నేళ్ళొచ్చి నా దగ్గర సిగ్గేంటండీ!"

జిలానీ వెంటనే డాక్టరుకి ఫోను కలిపాడు. డాక్టరు ఓ మందు చెప్పి, నొప్పి మాత్ర మార్చి, నీళ్ళు బాగా తాగమన్నాడు. "బొప్పాయి పెట్టచ్చాండీ? వేడి చేస్తుందేమో," అని ఆవిడ అడిగారు. పండింది నిరభ్యంతరంగా పెట్టమన్నాడు. ఒట్టి పండుతో సరిపెట్టి మందు మానొద్దని కూడా అన్నాడు. నాకేం కోపం రాలేదు. నేను మందుని కాదు, పండునే.

ఎట్టకేలకు కత్తిపీట వచ్చింది! నా ఒళ్ళు రెండుగా విడితే గదంతా నారింజరంగు. మొదటి ముక్క మాస్టారి నోట్లో కరిగిపోయింది. రెండోది ఆయనే అడిగారు. గోరుగాటు పడ్డ ముక్క మాత్రం భీమశంకరం గారికి శిక్షగా ఇచ్చారు.

ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది నా గింజలు. వరహాలమ్మ గారు పెరట్లో పగిలిన బకెట్లో మట్టి పోసి మమ్మల్ని చల్లారు. మర్నాడు సాయంత్రం అనుకుంటాను, లోపల్నుంచి విజిల్ వినిపించింది. పాత డ్రిల్లు విజిలు! కడుపు కదిలిందని ఇల్లంతటికీ చాటడానికి మాస్టారు తలగడ కిందనుంచి తీసి ఊదారట. "పరువు తీశారు!" అని వంటింట్లోంచి ఆవిడ అరుస్తూనే ఉన్నారు, పళ్ళెంలో అన్నం వడ్డిస్తూనే ఉన్నారు.

ఇవాళ వాకర్ టకటకమంటూ పెరటి గుమ్మందాకా వచ్చింది. మాస్టారు వంగలేక, నిలబడే చెంబుతో మా బకెట్లో నీళ్ళు పోశారు. సగం ఆయన కాళ్ళమీదే పడ్డాయి. మిగిలిన సగం మాకు చాలు.