చివరి స్టాపు దగ్గర నీలిపూలు

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ బస్సు డ్రైవరు భార్యకు ఒక్క పువ్వు తెచ్చిచ్చిన పాపాన పోలేదు. అలాంటివాడు ఓ సాయంత్రం టిఫిను డబ్బాలో మట్టితో సహా ఒక మొక్కను పట్టుకొచ్చి, కొత్త పెళ్లికొడుకులా సిగ్గుపడుతూ ఆమె ముందు పెట్టాడు. కొండమీద చివరి స్టాపు దగ్గర, నీళ్లూరే రాతిగట్టున కనబడిందట. చొక్కా గుండీకన్నా చిన్న నీలిపూలు.

ఆమె మురిసిపోయి కుండీలో నాటింది. ఎరువు వేసింది. ఎండ తగిలేలా కిటికీలో పెట్టింది. వారం తిరక్కుండానే మొక్క తల వాల్చేసింది.

"నా చేతిలో బతకలేదండీ," అంది ముఖం చిన్నబుచ్చుకుని.

"నీ చెయ్యి మంచిదే. రేపు ఇంకోటి పీక్కొస్తాలే."

"పీకారంటే ఊరుకోను! హాయిగా ఉన్నదాన్ని ఇక్కడికి ఈడ్చుకురావడం దేనికి? నన్నే అక్కడికి తీసుకెళ్లండి."

ఆదివారం ఆమె బస్సెక్కి ముందు సీట్లో కూర్చుంది. గుంత వచ్చిన ప్రతిచోటా డ్రైవరు పసిబిడ్డను దించినట్టు బస్సును దించసాగాడు.

"ఏంటన్నా, బస్సుకి ఒంట్లో బాలేదా?" అని వెనకనుంచి కండక్టరు అరిచాడు. అందరూ ఘొల్లుమన్నారు.

చివరి స్టాపులో దిగి చూస్తే ఆమెకు నాచు తప్ప ఏమీ కనబడలేదు. వంగింది. మోకాళ్లమీద కూర్చుంది. ఆఖరికి బురదని కూడా చూడకుండా బోర్లా పడుకుంది. అప్పుడు కనబడ్డాయి, రాతి సందుల నీడలో, తడి మిలమిలల మధ్య, గట్టు పొడవునా.

"అయ్యయ్యో, పడిపోయిందర్రా!" అంటూ బస్సుకోసం నిలబడ్డ ఓ తాత పరుగెత్తుకొచ్చాడు. సంగతి తెలిసి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇవా! ఏటా ఇక్కడే పూస్తాయమ్మా. ఎండలకు ఆకులన్నీ మాడిపోతాయి. వేరు మాత్రం రాతిలో మొండిగా కూర్చునుంటుంది. వాన పడగానే మళ్లీ లేస్తుంది."

"మీరు దగ్గర్నుంచి చూశారా?"

"ఇలా పడుకుని ఎన్నడూ చూళ్లేదు!"

ఆయనా పడుకున్నాడు. చూసి పసివాడిలా నవ్వాడు. కానీ లేవలేకపోయాడు. డ్రైవరు ఒక రెక్క, కండక్టరు ఇంకో రెక్క పట్టుకుని లేపేసరికి, తిరుగు ప్రయాణానికి బస్సెక్కినవాళ్లంతా దిగొచ్చి తలో చోటా వంగి చూస్తున్నారు.

బస్సు ఆలస్యంగా బయల్దేరినా ఎవరూ విసుక్కోలేదు. ఊళ్లోకి వచ్చాక డ్రైవరు వెనక్కి తిరిగి, "ఇంటికెళ్లు మరి. నాకింకో ట్రిప్పుంది," అన్నాడు.

ఆమె బట్టలమీది బురద దులుపుకుంటూ, "అయితే నేను దిగను," అంది.