కొట్టేసిన జవాబు

పేరు రాయనక్కర్లేదని ఫారం మొదట్లోనే లావుపాటి అక్షరాలతో అచ్చేశారు. ఆ ఒక్క మాట నమ్మి ఫిజిక్స్ మేడమ్ సోమవారం నాడు కడుపులో ఉన్నదంతా కక్కేసింది. యూనివర్సిటీ సైన్సు అధ్యాపకుల్లో ఆడవాళ్లకీ మగవాళ్లకీ సమానంగా జరుగుతోందా లేదా తేల్చమని ఒక కమిటీ వేశారు, ఆ కమిటీ పంపిన ఫారం అది. తొమ్మిదో ప్రశ్న: మీ శాఖలో పనీ సౌకర్యాలూ అందరికీ సమానంగా అందుతున్నాయా? "లేదు" అని రాసి ఊరుకుంటే బాగుండేది. కింద రెండు గీతల ఖాళీ కనిపించేసరికి చెయ్యి ఊరుకోలేదు. "లేజర్ గది నాకు ఆదివారం పొద్దున మాత్రమే దొరుకుతుంది. రికార్డులు దిద్దడం, అతిథులకు కుర్చీలు వేయించడం మాత్రం రోజూ దొరుకుతాయి" అని కూడా రాసింది. మడిచి పెట్టెలో వేసి, పెద్ద ఘనకార్యం చేసినట్టు ఇంటికి వెళ్లిపోయింది.

బుధవారం స్టాఫ్ రూమ్‌లో ఆ సంతోషం కాస్తా ఆవిరైపోయింది. ఫలితాలు శాఖలవారీగా, ఆడవాళ్లవి వేరు, మగవాళ్లవి వేరు చేసి శుక్రవారం మీటింగులో చదువుతారట. ఆ సంగతి హెడ్ గారే చెప్పారు. ఎదుటివాళ్లు నోరు విప్పగానే వాచీ చూసుకుంటారని పిల్లలు ఆయనకు గడియారం అని పేరు పెట్టారు. ఆ రోజు మాత్రం ఆయన వాచీ చూసుకోలేదు, కళ్లజోడు మీంచి ఆవిడకేసి చూశారు. మన శాఖలో ఆడవాళ్లేమంటున్నారో వినాలని సరదాగా ఉందన్నారు.

ఫిజిక్స్‌లో ఆడవాళ్లంటే ఆవిడొక్కతే. రెండేళ్లుగా కొలతల్లో తప్పులు ఎలా దొర్లుతాయో పాఠం చెబుతున్న మనిషి, ఒక్కరే ఉన్న గుంపులో పేరు దాచడం కుదరదన్న చిన్న లెక్క మర్చిపోయింది. కుర్చీలో కూలబడింది. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. ప్రొబేషన్ ఈ నెలతో అయిపోతుంది. పని తృప్తికరంగా ఉందని హెడ్ గారు సంతకం పెడితే ఉంటుంది, లేదంటే పుస్తకాలు సంచీలో సర్దుకోవడమే. ఆ కాగితం వారం రోజులుగా ఆయన బల్ల మీదే ఉంది.

ఇంటికొచ్చి భర్తకు చెప్పింది. ఆయన స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు, ఏ విషయాన్నైనా తేలిగ్గా తీసుకునే మనిషి.

"రాసింది నిజమేగా?" అన్నాడు.

"నిజం కాబట్టేనండీ భయం. అబద్ధమైతే నేను రాయలేదని దబాయించేదాన్ని."

ఆవిడకు అన్నం సహించలేదు. చిన్నదాని జడ వేస్తూ మధ్యలో ఆగిపోయి, పాయలు ఎక్కడిదాకా అల్లిందో మర్చిపోతే కూతురే గుర్తుచేయాల్సి వచ్చింది.

గురువారం మధ్యాహ్నం క్లాసు అవగానే కమిటీ ఆఫీసుకి పరుగెత్తింది. దారిలో హెడ్ గారి గది తలుపు తీసే ఉంది. తల తిప్పకుండా దాటేసింది కానీ, వీపు మీద చూపు పడ్డట్టే అనిపించింది. ఆఫీసులో గుమాస్తా ఆవిడ ఫారాలన్నీ శాఖలవారీగా పేర్చుకుని కూర్చుంది. జవాబు మార్చుకోవచ్చా అని అడిగింది ఫిజిక్స్ మేడమ్. మార్చుకోవచ్చు, ఐదింటిదాకా గడువుంది, కొత్త ఫారాలు మాత్రం లేవు, దాని మీదే దిద్దుకోమని గుమాస్తా ఆవిడ ఫారం వెతికి చేతికిచ్చింది. వెతకడం ఎంతసేపు, ఫిజిక్స్, స్త్రీ అన్న అట్టలో ఉన్నది ఒక్కటే.

"వైట్నర్ ఇమ్మంటారా మేడమ్?"

"వద్దమ్మా" అంది, ఆలోచించకుండానే. "లేదు" మీదా, కింది రెండు వాక్యాల మీదా ఒక్కొక్క గీత గీసి, పక్కన "అవును, సమానంగానే అందుతున్నాయి" అని రాసి, చిన్నగా తారీఖు వేసింది.

"దిద్దుకోడానికి వచ్చినవాళ్లలో మీరు ఆరోవారు" అంది గుమాస్తా ఆవిడ, ఫారం తీసుకుంటూ. ఆ మాట ఆవిడ చెవిదాకా వచ్చింది గానీ లోపలికి వెళ్లలేదు. గండం గడిచిందన్న ఊపులో మెట్లు దిగిపోయింది.

శుక్రవారం పదకొండింటికి మీటింగు. హాలు గుమ్మం దగ్గర హెడ్ గారు కనిపించి, ఇది అవగానే మీ కాగితం మీద సంతకం పెట్టేస్తానన్నారు. జేబులో కలం కూడా తట్టి చూపించారు. ఆవిడ తలూపి లోపలికి నడిచింది.

కమిటీకి పెద్ద అయిన డీన్ గారు ఫలితాలు చదివారు. సైన్సు శాఖలు ఆరు. దిష్టి చుక్క పెట్టినట్టు ఒక్కో శాఖలో ఒక్కో ఆడమనిషి. తొమ్మిదో ప్రశ్నకు ఆరుగురూ "అవును" అన్నారు. నూటికి నూరు శాతం. హాల్లో చప్పట్లు మోగాయి. మన దగ్గర అలాంటి సమస్యే లేదని తేలిపోయింది కాబట్టి కమిటీ పని అయిపోయినట్టేననీ, గోప్యత కోసం ఫారాలు ఇవాళే చించేయిస్తామనీ డీన్ గారు అన్నారు.

ఫిజిక్స్ మేడమ్ అటూ ఇటూ చూసింది. కెమిస్ట్రీ ఆవిడ వేలి ఉంగరం తిప్పుకుంటోంది. లెక్కల మేడమ్ బల్ల మీద లేని మరకను గోటితో గీకుతోంది. రెండు నెలల్లో రిటైరవబోయే బాటనీ పెద్దావిడ కళ్లు మూసుకుంది. ఆడవాళ్లలో ఒక్కరూ చప్పట్లు కొట్టడం లేదు. ఆరోవారు అన్న మాట అప్పుడు దిగింది ఆవిడ లోపలికి. ఇంకో గంటలో ఆ కాగితాలు ముక్కలైపోతాయి, ఆ నూరు శాతం మాత్రం ఉండిపోతుంది. రేపు ఈ శాఖల్లో ఏ ఆడపిల్ల చేరి నోరు విప్పినా, దాన్నే తీసి ముఖాన కొడతారు. అందులో ఆరో వంతు తన చేతి రాత.

లేవాలనుకుని లేచిందో, కూర్చోలేక లేచిందో ఆవిడకే తెలియదు. మోకాళ్లు బల్లకు కొట్టుకున్నాయి.

"సార్, ఆ ఫారాలు చించేముందు ఒక్కసారి చూడండి. తొమ్మిదో ప్రశ్న దగ్గర దిద్దుబాట్లున్నాయి."

హాలంతా ఇటు తిరిగింది. హెడ్ గారు వాచీ చూసుకున్నారు. మీకెలా తెలుసని డీన్ గారు అడిగారు. అంత సూటి ప్రశ్నకు తప్పించుకునే దారి లేదు.

"ఒకటి నాది, సార్."

గోడవార ఫారాల కట్టతో కూర్చున్న గుమాస్తా ఆవిడ ఎవరూ చెప్పకుండానే లేచి ఆరు ఫారాలూ తెచ్చి డీన్ గారి ముందు పరిచింది. ఆయన ఒక్కొక్కటే తీసి కిటికీ వెలుగులో చూశారు. ఒక్కదాని మీదా వైట్నర్ లేదు. ఆరింటి మీదా ఒకే రకం కొట్టివేత: సన్నని ఒక్క గీత, పక్కన తారీఖు. ప్రయోగం రికార్డులో తప్పు పడితే చెరపకూడదు, కింద ఉన్నది కనిపించేలా ఒక్క గీతే గీయాలని మొదటి సంవత్సరం పిల్లలకు నెత్తీ నోరూ కొట్టుకుని నేర్పేవాళ్లే ఆ ఆరుగురూ. భయంతో మనసు మార్చుకున్నారు గానీ చేతి అలవాటు మార్చుకోలేకపోయారు. ఆరు గీతల కింద ఆరు "లేదు"లు శుభ్రంగా కనిపిస్తున్నాయి.

డీన్ గారు రెండోది ఎవరిదని అడిగారు. ఎవరూ పలకలేదు. మూడోది ఎవరిదన్నారు. తనొక్కతే నిలబడి ఉన్నానని ఆవిడకు తెలుస్తూనే ఉంది, బల్ల అంచు వదల్లేదు.

"పేర్లెందుకు అడుగుతారు బాబూ" అంది చివరికి బాటనీ పెద్దావిడ, కళ్లు తెరవకుండానే. "పైన శాఖ రాసి ఉంది. చదువుకోండి."

డీన్ గారు చదవలేదు. ఫారాలు బోర్లించి, కళ్లజోడు తీసి, నిలబడి ఉన్న మనిషిని అడిగారు: "ఎవరికి భయపడి మార్చారమ్మా?"

పక్క వరసలో హెడ్ గారు జేబులోంచి కలం తీశారు. మూత తీసి, మళ్లీ పెట్టి, బల్ల మీద ఉంచారు. ఆవిడ ఆ కలాన్నే చూస్తూ ఉండిపోయింది. చిన్నదాని సగం జడ ఎందుకో గుర్తొచ్చింది.

"నా కాగితం ఎవరి బల్ల మీద ఉందో వాళ్లకి, సార్" అంది.