తోమిన చిరుత

మా అత్తకు మురికంటే పగ. గోడ గడియారాన్ని కూడా కడిగి ఆపేసిన మనిషి.

మామగారు నాణేలు అచ్చువేసే టంకశాలలో ఉద్యోగం విరమించిన రోజు ఆయనకు తెల్లదొరల కాలంనాటి రెండు బంగారు నాణేలిచ్చారు. రెండింటికీ ఒకవైపు రాణిగారి ముఖం. వెనకవైపు ఒకదానిమీద చిరుత, ఇంకోదానిమీద ఏనుగు. ఆయన పోయాక అవి బీరువాలోనే ఉండిపోయాయి. ఇప్పుడు మా ఆయన గుండె పాడై ఆసుపత్రిలో ఉన్నాడు. సాయంత్రంలోగా డబ్బు కడితేనే రేపు ఆపరేషన్. పాత నాణేలు కొనే వ్యాపారి ఫోటోలు చూసి, బంగారం ధరకు ఎన్నో రెట్లు ఇస్తానన్నాడు. రెండూ ఒకేసారి పట్టుకెళ్లడానికి భయమేసి చిరుత నాణేన్ని మాత్రం తీసిమ్మన్నాను. అత్తే గుడ్డలో చుట్టి ఇచ్చింది. ఆవిడ చేతులు పళ్లపొడి వాసన వేశాయి. అప్పుడే మొహం కడుక్కుందేమో అనుకున్నాను.

వ్యాపారి భూతద్దంలో చూసి మొహం ముడుచుకున్నాడు.

"దీన్ని తోమారా అమ్మా?"

అత్త చేతుల పళ్లపొడి వాసన అప్పుడు గుర్తొచ్చింది.

"చిరుత ఒంటిమీద మంచు పట్టినట్టు సన్నటి మసక ఉండేది. ధరంతా దానిదే. రుద్దితే పోయింది. ఇక ఇది కరిగించుకునే బంగారమే."

బతిమాలాను, ఏడ్చాను. ఆ మనిషి చెడ్డవాడేం కాదు, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. "రెండోదాన్ని ఎవరూ ముట్టుకోకుండా ఉంటే వెంటనే తీసుకురండి. నిజానికి చిరుతకంటే ఏనుగే అరుదు. అదొక్కటే మిమ్మల్ని గట్టెక్కిస్తుంది," అన్నాడు.

ఇంటికి ఫోన్ చేద్దామంటే ఉన్న ఒక్క ఫోనూ నా చేతిలోనే ఉంది. బస్సు కోసం ఆగలేక పరుగెత్తాను. చెప్పు తెగితే వీధిలోనే వదిలేశాను. అత్త నిద్రపోతూ ఉండాలి, పక్కింటికి కబుర్లకు పోయి ఉండాలి, కనీసం ఆ పళ్లపొడి అయిపోయి ఉండాలి అని కనబడని దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

తలుపు తీసే ఉంది. అత్త కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఒళ్లో మా ఆయన పాత బనియను, దాని నిండా తెల్లటి పొడి.

"వచ్చావా? పొద్దున ఇది మిగిలిపోయిందే. మసగ్గా ఉంటే తక్కువ కడతారు కదా," అంటూ నాణేన్ని ఎత్తి చూపింది. ఏనుగు తళతళలాడుతోంది. ఆవిడ వేళ్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. "రాణిగారి ముఖం చూడు, ఎంత కళగా ఉందో! నా కొడుకు బతుకుతాడు కదే?"

తిట్టడానికే నోరు తెరిచాను. ఏడుపు తన్నుకొచ్చింది.

"బతుకుతాడత్తయ్యా," అన్నాను.

"అయితే ఉండు, ఇంకాస్త రుద్ది ఇస్తాను," అని మళ్లీ తల వంచింది.