ట్రాకు మీద ఎవరూ అనని మాట

మందుల షాపులో పొద్దస్తమానం నొప్పి మాత్రలు అమ్మే నాకు, మాటలతో నొప్పి పోగొడతారంటే నవ్వే వచ్చింది. కానీ కాలి నొప్పికి మాత్రలు మింగీ మింగీ మా చెల్లికి కడుపులో పుండు పడింది. పరుగు అది మానదు, నాన్న మాననివ్వరు. ఆయనే దాని కోచ్. పగలు బస్ డిపోలో మెకానిక్ పని, పొద్దున్నా సాయంత్రం గ్రౌండులో స్టాప్‌వాచ్ పని. వేడెక్కిన ఇంజనునైనా కాసేపు చల్లారనిస్తారు గానీ కన్నకూతుర్ని మాత్రం నిలవనివ్వరు. "ఇంకొక్క రౌండు" అనేది ఆయన ఊతపదం. ఆ ఒక్క రౌండు ఏనాడూ ఒక్కదానితో ఆగింది లేదు.

అందుకని చెల్లిని హిప్నాటిజం డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళేదాన్ని. ఆటగాళ్ళంతా ఆవిడకి జోలపాట అని పేరు పెట్టారు. గొంతు అలాంటిది మరి, పక్కన ఊరికే కూర్చున్న నాకే ఆవులింతలు వచ్చేవి. చిన్న గది, కిటికీకి మందపాటి తెర, వెనక్కి వాలే కుర్చీ. గొలుసు గడియారం ఊపడాలు, కళ్ళలోకి గుచ్చి చూడడాలు ఏమీ లేకపోయేసరికి నాకు కాస్త నిరాశే కలిగింది.

మొదటి రోజే ఆవిడ నిక్కచ్చిగా చెప్పింది.

"ఎడమ కాల్లో, మోకాలి కింది ఎముకకి సన్నటి బీట పడి అతుక్కుంది. అతుక్కున్నా నొప్పికి అలవాటు పోలేదు. ఆ పాత నొప్పిని నేను తగ్గిస్తాను. కొత్త నొప్పి వస్తే మాత్రం ఉన్నచోటే ఆగిపోవాలి. నొప్పంటే కాపలా కుక్కమ్మా. దాని నోరు మూయించగలను గానీ దొంగని ఆపలేను. ఆ ఎముక మళ్ళీ విరిగిందా, ఇక పరుగు సంగతి మర్చిపోవడమే."

తర్వాత, వినగానే నొప్పి తగ్గేలా గుర్తుగా ఒక మాట అనుకోమంది. "ట్రాకు మీద నీతో ఎవరూ అనని మాట చెప్పు. లేకపోతే ఎవరో దేనికో అంటారు, అది నీ మీద పనిచేస్తుంది."

చెల్లి ఆలోచించను కూడా లేదు. "చాలు తల్లీ," అంది.

నేను పకపకా నవ్వేశాను. మా నాన్న ట్రాకు దగ్గర ఆ మాట అనడమంటే అమావాస్య నాడు వెన్నెల కాయడమే. చెల్లి నవ్వలేదు. దాని మొహంలోకి చూశాను. చిన్నప్పటినుంచీ అది ఆ మాట కోసమే పరిగెడుతోందని నాకు అప్పుడే తెలిసింది.

మాట బాగా పట్టింది. కళ్ళు మూసుకుని ఆ గొంతు వెంట వెళ్ళేది. "చాలు తల్లీ" అని వినగానే బిగబట్టిన భుజాలు జారేవి, కనుబొమల మధ్య ముడి విడిపోయేది. కొన్నాళ్ళకి పరిగెడుతూ తనలో తను అనుకున్నా నొప్పి సర్దుకునేది. ఆ మాటేమిటో నాన్నకి చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. ఆయన నొచ్చుకుంటారని దాని బాధ.

జాతీయ జట్టు ఎంపిక పోటీ రోజు ముసురు పట్టింది. నాన్నా నేనూ మలుపు దగ్గర కంచె పట్టుకుని నిలబడ్డాం. చెల్లి ముందు వరసలోనే ఉంది. సగం దాటాక నాన్న తనలో తను అనుకుంటున్నట్టు, "ఎడమ కాలు తేడాగా పడుతోంది," అన్నారు. చప్పుడు విని ఇంజను రోగం చెప్పే మనిషి, ఆయన చూపు తప్పదు.

చెల్లికీ తెలిసినట్టుంది. వేగం తగ్గించింది. పళ్ళ బిగువున రెండడుగులు వేసి, బయటి వరస వైపు జరగసాగింది. ఆగిపోవడానికే. డాక్టరమ్మ చెప్పింది మర్చిపోలేదని నా ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు ఈ మనిషి "ఇంకొక్క రౌండు" అన్నారంటే ఊరుకునేది లేదని నాన్న వైపు తిరిగాను.

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. కంచె మీదకి సగం వంగిపోయి, చెల్లి మా ముందుకు రాగానే గొంతు చించుకుని అరిచారు.

"చాలు తల్లీ. ఇంక చాలమ్మా, వచ్చెయ్."

ఆయన నోరు నొక్కేయాలనిపించింది. అప్పటికే ఆలస్యమైపోయింది. చెల్లి భుజాలు జారాయి. కనుబొమల ముడి విడిపోయింది. మళ్ళీ లోపలి వరసలోకి వచ్చి, ఇద్దర్ని దాటింది. దాని మొహంలో అంత నెమ్మది నేనెప్పుడూ చూడలేదు. ఆ మలుపు చివర ఎముక విరిగింది. చప్పుడు కంచె దాకా వినిపించింది.

ఎముకకి రాడ్డు వేశారు. నడుస్తుందట, పరుగు మాత్రం ఇక లేదట. నాన్న ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని, దాని తల నిమురుతూ అడిగారు.

"ఆగమని అరిచాను కదమ్మా. నీకు వినపడలేదా?"

చెల్లి కళ్ళు సగం తెరిచింది. "వినపడింది నాన్నా. ఎంత హాయిగా ఉందో."

నాన్న నా వైపు చూశారు. "పిచ్చిపిల్ల. ఇంకా మత్తు దిగినట్టు లేదు కదే?"

నిజం నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ళ ఆ రౌండ్లన్నింటికీ కలిపి ఆయన్ని ఒక్క మాటతో కూలదోయొచ్చు. నాకు అంత కోపమూ ఉంది. ఆయన చెయ్యి ఇంకా దాని తల నిమురుతూనే ఉంది.

"అవును నాన్నా, మత్తే," అన్నాను.