రిమోట్ కట్టేశాక

నేను గడియారాలు బాగుచేసేవాణ్ని. నాకున్నది ఒక్క కన్ను. రెండోది ఉందన్న పేరే గానీ, ఆపరేషన్ చెడ్డాక దానికి వెలుతురూ చీకటీ తప్ప ఏమీ తెలియదు. నా బతుకు, నా దుకాణం, నా పొగరు అన్నీ కుడికన్ను మీదే.

ఆదివారాలు నాకు యుద్ధాలుంటాయి. బొమ్మ ట్యాంకుల యుద్ధాలు. బొమ్మేగా అని నవ్వకండి. మాది సూట్‌కేసంత ఉంటుంది, శనగగింజంత ప్లాస్టిక్ గుళ్లు కాలుస్తుంది. పేరు మొండిఘటం. ముప్పై ఏళ్లుగా రిమోట్ పట్టి ఇలాంటివి నడిపాను. పోయిన పోటీలో సిగ్నల్ తెగి అది గోడపక్కన దిష్టిబొమ్మలా నిలబడిపోయింది. అవతలివాళ్లు చుట్టూ చేరి తీరిగ్గా కొట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి మేనకోడలితో అన్నాను. "రిమోట్ పోయినా ఇది ఆగకూడదే. తనంతట తనే శత్రువుని వెతుక్కుని కొట్టాలి."

అది కంప్యూటర్లలో దిట్ట. నెలరోజులు కూర్చుని ట్యాంకుకి కెమెరా, చిన్న బుర్ర పెట్టింది. శత్రువు బండి మీద ఎర్రటి గుండ్రటి గుర్తుంటుంది. అది కనబడితే కాల్చాలి. మాయమైతే, చివరిసారి కనబడిన చోటికి వెళ్లి వెతకాలి.

"మామయ్యా, విను. ఇన్నాళ్లూ రిమోట్ కట్టేస్తే బండిని కట్టేసినట్టే. ఇకమీదట రిమోట్ కట్టేస్తే దీన్ని విప్పేసినట్టు. ఆపాలంటే వీపు మీద మీట నొక్కాలి. ఏం నొక్కాలి?"

"నీ పీక. నేనేమన్నా పసివాణ్నా?"

శనివారం మధ్యాహ్నం మేనకోడలు బ్యాటరీలకని బయటికెళ్లింది. నేను గడియారాల పనికి వాడే చిన్న భూతద్దం కుడికంటికి బిగించుకుని ట్యాంకు పళ్లచక్రం సరిచేశాను. గుళ్లు నింపే ఉన్నాయి. నేలమీద దింపి రిమోట్‌తో రెండు చుట్లు తిప్పాను. అప్పుడు చూశాను, ఒక మర బిగించడం మర్చిపోయాను. బల్ల కింద మెరుస్తోంది. రిమోట్ కట్టేసి బల్లమీద పెట్టి, బోర్లా పడుకుని కిందికి దూరాను.

వెనకాల మోటారు గుర్రుమంది.

తల తిప్పాను. మొండిఘటం నావైపే తిరుగుతోంది. గొట్టం అటూ ఇటూ వెతికి నా ముఖం దగ్గర ఆగింది. అప్పటికి గానీ నా బుర్ర వెలగలేదు. భూతద్దం పగిలిన అంచుకి నేను చుట్టిన టేపు ఎర్రటిది. గుండ్రంగా, నా కంటి చుట్టూ ఉంది.

మొదటి గుండు చెవి పక్కనుంచి పోయి గోడకి కొట్టుకుంది. కుడిచేత్తో కన్ను మూసుకున్నాను. దాంతో గది మాయమైపోయింది. ఎడమచెయ్యి ఒంటికింద ఇరుక్కుంది. వెనక్కి జరగబోతే బల్లకాలు నడుముకి అడ్డం. ఇక మిగిలింది చప్పుడొక్కటే. పట్టాలు టకటకమంటూ దగ్గరికొస్తున్నాయి. నేను మాయమయ్యాను కదా, వెతకడానికి వస్తోంది.

"ఆగు! ఆగవే!" అని అరిచాను. దానికి చెవులు పెట్టలేదు మేము.

గొట్టం నా వేళ్లకి తగిలింది. సందులోంచి టేపు కనబడిందేమో, కాల్చింది. మళ్లీ కాల్చింది. వేళ్లు మండిపోతున్నాయి. చెయ్యి తీస్తే అద్దం పగిలి ముక్కలు కంట్లోకే పోతాయి. ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడమంటే ఏమిటో తెలిసొచ్చింది. సిగ్గు విడిచి ఏడ్చాను.

తలుపు చప్పుడు, అడుగులు, టక్కుమని మీట. మోటారు ఆగింది.

"మామయ్యా, చెయ్యి తియ్యి. కన్ను చూపించు."

"తియ్యనే. తీస్తే చూపుందో పోయిందో తెలిసిపోతుంది."

అది నన్ను బయటికి లాగి కూర్చోబెట్టి, ఒక్కో వేలూ విప్పింది. భూతద్దంలోంచి దాని కన్ను బంతంత కనబడింది, నిండా నీళ్లతో. కనబడింది! దాన్ని పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. అదీ ఏడ్చింది.

కాసేపటికి ముక్కు తుడుచుకుని లేచింది. "ముందు దీన్లో గుళ్లు దులిపేద్దాం. దానికి బండి నడవాలి. ఇదిగో, రిమోట్ వేశాను, పట్టుకో. కట్టెయ్యకు. చెప్పు, ఏం చెయ్యకూడదు?"

"కట్టెయ్యకూడదు."

అది బండి మీట మళ్లీ నొక్కింది. మోటారు గుర్రుమంది. నేను ఉలిక్కిపడి వెనక్కి తూలాను.

"మామయ్యా!" అని అది కేక పెట్టింది.

నా బొటనవేలు అప్పటికే రిమోట్ కట్టేసింది. భూతద్దం ఇంకా కంటికే ఉంది.