కియో అడిగిన మాట

నేను ఒక కూరగాయల కత్తిని. పుట్టింది మాత్రం బాకుగా. జపాన్ ఉత్తరాన, కోట చుట్టూ పెరిగిన ఒక ఊళ్ళో కమ్మరి నన్ను కాల్చి, సాగగొట్టి, పదును పెట్టి ఒక సమురాయ్ ఇంటికి పంపాడు. ప్రభువు కొలువులో కత్తి పట్టే ఆ యోధుల ఇళ్ళలో కొత్త కోడలికి నాలాంటిది ఒకటి ఇస్తారు. శత్రువును పొడవడానికి కాదు, శత్రువు చేతికి చిక్కకుండా చావడానికి. చాలా ఏళ్ళు పట్టుసంచిలో పడుకున్నాను. ఎన్నడూ వాడకూడదనుకునే వస్తువులకే మనుషులు ముచ్చటైన ముసుగులు కుడతారు.

అంతలో దేశం తిరగబడింది. తరతరాలుగా దేశాన్నేలిన సేనాపతి, షోగున్ పాలన కూలిపోయి, చక్రవర్తి పేరిట కొత్త ప్రభుత్వం వచ్చింది. పాతవాళ్ళ పక్షాన నిలిచిన మా ఊరి మీదికి దాని సైన్యం ఫిరంగులతో వచ్చిపడింది. ఇంటాయన కోటలో ఉన్నాడు. ఆయన భార్య కూతుళ్ళిద్దరినీ వెనక గదిలో కూర్చోబెట్టి నన్ను బయటికి తీసింది.

చిన్నది కియో, ఇంకా పాలపళ్ళు ఊడని పిల్ల. "అమ్మా, ఒంటేలు వస్తోంది. ఒక్కసారి బయటికెళ్ళొస్తా" అంది.

తల్లి వెళ్ళనివ్వలేదు. నా మొదటి పని ఆ పిల్ల మెడ మీదే అయింది.

తర్వాత పెద్దకూతురు షినో చేత తన మోకాళ్ళు తాడుతో కట్టించుకుంది, పడ్డాక ఒంటి మీద బట్ట చెదరకూడదని. "నా వెనకే నువ్వూ రా" అని చెప్పి, నన్ను తన గొంతులో దించుకుని చనిపోయింది. షినో నన్ను మెడ దాకా తెచ్చుకుంది గానీ చెయ్యి ఆడలేదు. తలుపు తోసుకుని వచ్చిన శత్రు సైనికుడు ఆ గదిని చూసి గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. ఆనక తన నీళ్ళబుర్ర ఆమె చేతికిచ్చాడు.

కొత్త రోజుల్లో కత్తి కట్టుకు తిరగడం నేరమైంది. షినో నన్ను కమ్మరి దగ్గరికి తీసుకెళ్ళి వంటింటి కత్తి చేయించింది. "దాన్ని పారెయ్యకూడదూ?" అని మొగుడు అడిగితే, "ఆ రోజు చూసింది నేనూ ఇదీనే" అంది. అంతకు మించి ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆమె మనవడు మొరిహేయి టోక్యోలో పేరున్న నవలాకారుడయ్యాడు. ఆ తిరుగుబాటు కాలమే అతని సరుకు. పత్రికలో వారంవారం వచ్చే అతని నవలను భార్య హరుయే పైకి చదివేది. ముసలి షినో ముల్లంగి తరుగుతూ వినేది. ఒక వారం నవలలో షినో పుట్టిన ఊరి ఆడవాళ్ళు చిరునవ్వుతో ప్రాణాలు విడిచారు.

"వాళ్ళు నవ్వారని నీకెవరు చెప్పార్రా?" అని అడిగింది.

"అందరూ అలాగే రాశారు నాయనమ్మా."

అప్పుడు చెప్పింది, కియో అడిగిన మాటతో సహా. మొరిహేయి అన్నం వదిలేసి లేచి వెళ్ళాడు. వచ్చే సంచికలో వేయమని ఆ వారంలోనే ఆ ఘట్టాన్ని ఉన్నదున్నట్టు తిరగరాశాడు.

సంపాదకుడు ఇంటికే వచ్చాడు. "గురువుగారూ, మన కుర్రాళ్ళు చైనాలో యుద్ధం చేస్తున్నారు. వాళ్ళ తల్లుల చేత ఇది చదివించమంటారా?"

మొరిహేయి కలం అందుకున్నాడు. పిల్ల మాట కొట్టేసి అక్కడ మళ్ళీ చిరునవ్వు రాశాడు. షినో ఆ పత్రిక చదివించుకుని విన్నది. ఆ తర్వాత మనవడితో మాట్లాడలేదు. ఆ చలికాలమే పోయింది.

మొరిహేయి కొడుకు కెన్‌సుకే సైన్యంలో చేరిననాడు ఆ నవలనే సంచిలో పెట్టుకున్నాడు. "మనూరి వాళ్ళ పేరు చెడగొట్టను నాన్నా" అన్నాడు గుమ్మంలో. తండ్రి తల ఊపాడు. తిరిగొచ్చింది, యుద్ధంలో పోయినవాళ్ళ ఎముకలు పంపే తెల్లగుడ్డ చుట్టిన పెట్టె. అందులో ఎముకలు కూడా లేవు, ఒక రాయి ఉంది.

యుద్ధం ఓడిపోయాక మొరిహేయి ఆ నవలను మళ్ళీ రాశాడు. కియో మాట చెక్కుచెదరకుండా అచ్చయింది. ఆ సంపాదకుడే అచ్చువేశాడు. జనం కన్నీళ్ళు పెట్టుకుని చదివారు. మొదటి ప్రతిని మొరిహేయి వంటింట్లోకి తెచ్చి హరుయే ముందు పెట్టాడు.

"ఈసారి నిజమే రాశాను."

హరుయే చిలగడదుంప తరగడం ఆపలేదు. "వాడు చదివింది ఇది కాదుగా" అంది.

ఆయన పుస్తకం తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కలం ముట్టలేదు. హరుయే చివరిదాకా వేళకు అన్నం పెట్టింది, మాట మాత్రం కలపలేదు.

ఇద్దరూ పోయాక ఆ ఇల్లు ప్రదర్శనశాల అయింది. ఆయన కలాన్ని అద్దాల పెట్టెలో పెట్టి, అరిగి సన్నబడ్డ నన్ను పాత సామానుతో పాటు బయట పడేశారు. ఇనుప కొట్టు వెనక కుప్పలో వానకు తడుస్తున్నాను. ఎప్పుడో కొలిమికి పంపుతారు. కరిగించి తలుపులకు మడతబందులు చేస్తే బాగుండును, బయటికెళ్ళొస్తానన్న పిల్లకు తలుపు తెరుచుకుంటుంది.